పేపరు చుట్టని ప్యాకెట్టు

మా కొట్లో ప్యాడ్ల ప్యాకెట్టుకి పేపరు చుట్టి ఇవ్వం. నల్ల కవర్లో పెట్టి ఇవ్వం. సబ్బు ఇచ్చినట్టు, పళ్ళపొడి ఇచ్చినట్టు నేరుగా చేతికిస్తాం. ఇష్టమైతే పట్టుకెళ్ళొచ్చు, లేదంటే రాజాం మెయిన్ రోడ్డు మీద ఫ్యాన్సీ కొట్లకేం కరువు లేదు. ఈ మాట నేను చాలామందికి మొహం మీదే చెప్పాను. కొందరు మూతి ముడుచుకుని వెళ్ళిపోయారు. ఒక పెద్దమనిషి కౌంటరు ముందు నిలబడి, "ఆడమనిషివి, కాస్త సిగ్గుండక్కర్నేదేటమ్మా?" అన్నాడు. "ఉన్న సిగ్గంతా సిన్నప్పుడే వాడీసినానండి, ఇంక నేదు" అన్నాను. ఆయన ప్యాకెట్టు చొక్కా కింద దాచుకుని వెళ్ళాడు. కొనడం మాత్రం మానలేదు.

ఈ తెగింపు ఏ మీటింగుకో వెళ్ళి నేర్చుకోలేదు. ఏళ్ళ తరబడి ఆ పేపర్లు చుట్టీ చుట్టీ వచ్చిన కోపం ఇది.

కొట్టు మా తాత పెట్టింది. నాన్నకి నేనొక్కర్తినే, అందుకని మా ఆయన్ని ఇల్లరికం తెచ్చుకున్నారు. అలా మా ఇంట్లో నాలుగు తరాల ఆడవాళ్ళం చేరాం. నాన్నని కన్న మామ్మ, అమ్మ, నేను, నా కూతురు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో తలుపు బదులు ఒక కర్టెను. ఇంట్లో తుమ్మితే కొట్లో బేరం ఆగుతుంది.

నా చిన్నప్పుడు బడి నుంచి రాగానే నా పని పొట్లాలకి పేపర్లు చింపడం. పాత దినపత్రికలు కేజీల లెక్కన కొనేవాళ్ళం. పేజీని సగానికి మడిచి, మడత మీద స్కేలు పెట్టి లాగితే రెండు ముక్కలు. పప్పుకో ముక్క, బెల్లానికో ముక్క. ప్యాడ్లు మాత్రం పై అరలో, ఫినాయిలు సీసాల వెనక ఉండేవి. ఎవరైనా వచ్చి పేరు చెప్పకుండా చూపులతో అడిగితే నాన్న అటు చూడకుండానే తీసి నా ముందు పడేసేవాడు. నేను రెండు చుట్లు పేపరు చుట్టి పురికొస కట్టి ఇచ్చేదాన్ని. అప్పట్లో అవి కొనేవాళ్ళే తక్కువ. బ్యాంకు వాళ్ళు, కాలేజీ లెక్చరర్లు, బదిలీ మీద వచ్చిన ఆఫీసర్ల ఇళ్ళవాళ్ళు. మా ఇంట్లో పాత చీర ముక్కలు వాడేవారు. ఆ సంగతి కూడా నాకు తెలీదు.

"నాన్నా, ఇందల ఏటుంటాది?" అని ఓసారి అడిగాను.

"దూది" అన్నాడు నాన్న, త్రాసు వైపు చూస్తూ.

దూది అంటే దెబ్బకి కట్టేది. దెబ్బ తగిలిందంటే ఎవరో కొట్టి ఉండాలి. బ్యాంకు మేనేజరు నెల తిరిగేసరికి ఠంచనుగా వచ్చి, ఎవరికీ జంకకుండా పేరు పెట్టి అడిగి ప్యాకెట్టు పట్టుకెళ్ళేవాడు. కాబట్టి ఆయన భార్యని నెలనెలా కొడతాడని, కొట్టాక జాలిపడి దూది కొంటాడని నేను తేల్చేసుకున్నాను. ఆయన చాక్లెట్టు ఇవ్వబోతే తీసుకునేదాన్ని కాదు. గుడ్లురిమి చూసేదాన్ని. ఓసారి ఆవిడ కూరల బజారులో కనబడితే చేతుల మీద మచ్చలేమైనా ఉన్నాయేమోనని చుట్టూ తిరిగి వెతికాను. భార్యకి కావలసింది నోరు తెరిచి అడిగి కొన్న మగవాడు మా ఊళ్ళో ఆయనొక్కడే, అలాంటివాణ్ణి పట్టుకుని మూడేళ్ళు రాక్షసుణ్ణి చూసినట్టు చూశాను.

చింపే పేపర్లలో వారానికోసారి డాక్టరుగారి శీర్షిక వచ్చేది. ఆడవాళ్ళు పేర్లు దాచుకుని తమ జబ్బుల గురించి అడిగేవారు. నేను ఒక్కటీ వదలకుండా చదివేదాన్ని. చిక్కేమిటంటే మా స్కేలు సరిగ్గా ఆ శీర్షిక మధ్య నుంచే వెళ్ళేది. ప్రశ్న ఉన్న ముక్క నా చేతిలో మిగిలేది. జవాబు ఉన్న ముక్క కందిపప్పుతో పాటు ఎవరింటికో వెళ్ళిపోయేది. అలా ఆడవాళ్ళ రోగాలన్నీ నాకు తెలిశాయి, మందు మాత్రం ఒక్కదానికీ తెలీదు.

ఏడో తరగతిలో, అర్ధ సంవత్సర పరీక్షలు నాలుగు రోజుల్లో ఉన్నాయనగా, నాకు రక్తం కనిపించింది. ఎవరో ఒకావిడ రక్తం ఆగడం లేదని డాక్టరుగారిని అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. జవాబు మేమే చింపేశాం. అందులో ఏముండి ఉంటుందో నేనే ఊహించుకున్నాను. చచ్చిపోతానని తేలిపోయింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నా రిబ్బన్లు, రంగు పెన్సిళ్ళు పక్కింటి పిల్లకి ఇచ్చేశాను. నేను పోతే నాన్నకి పేపర్లు ఎవరు చింపుతారా అని ఏడ్చాను. నవ్వొస్తోంది కదా? ఇప్పుడు నాకూ వస్తుంది. కానీ అప్పుడు పన్నెండేళ్ళ పిల్ల పెరట్లో బావి పక్కన కూర్చుని నిజంగానే చావు కోసం ఎదురు చూసింది. ఇంటినిండా ఆడవాళ్ళుండగా! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

మూడో రోజు, బట్టలుతికే పెద్దమ్మ నా లంగా చూసి, నవ్వుతూ అమ్మ చెవిలో ఏదో చెప్పింది. అంతే, ఇంట్లో పండగ. నేను చావుకి సిద్ధమైతే వీళ్ళు నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేస్తున్నారు. వసారా మూల తాటాకు చాప వేసి నన్ను పదకొండు రోజులు కూర్చోబెట్టారు. పేరంటాళ్ళు వచ్చారు. పసుపు రాశారు, పాటలు పాడారు, నోట్లో చిమ్మిలి కుక్కారు. అంతమందిలో ఒక్కరంటే ఒక్కరు ఇదేమిటో చెప్పలేదు. "అమ్మా, నేను బతుకుతానా?" అని అడిగితే, "సుబ్బరంగా బతుకుతావు, నోర్ముయ్యి" అంది అమ్మ. పరీక్షలు పోయాయి. అప్పటిదాకా క్లాసులో ఫస్టు నాదే, ఆ తర్వాత మరి రాలేదు. పై నెల మళ్ళీ రక్తం కనబడితే జబ్బు తిరగబెట్టిందనుకున్నాను.

పదో తరగతిలో మాస్టారు ఆ పాఠం దాకా వచ్చి, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలన్నీ ఒకేసారి తిప్పేశారు. ఇంటికెళ్ళి చదివాను. బ్యాంకు మేనేజరుకి మనసులో దణ్ణం పెట్టి క్షమించమన్నాను. అప్పటికే ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాడు.

అమ్మ సంగతి వింటే నాకు ఇంకా కోపం వస్తుంది. అమ్మ పుట్టిల్లు కళింగపట్నం. అక్కడ వాళ్ళకీ కొట్టే. చేపలు ఎండబెట్టి, ఉప్పుకీ కిరసనాయిలుకీ వచ్చిన ఆడవాళ్ళు అరుగు మీద కూలబడి, నెలసరి గురించీ కానుపుల గురించీ మొగుళ్ళ గురించీ విరగబడి నవ్వుకుంటూ మాట్లాడుకునేవారట. అమ్మ తలుపు వెనక నిలబడి అంతా వింది. అంటే తనకి ఈడు వచ్చేసరికే అమ్మకి అన్నీ తెలుసు. నాకు చెప్పలేదు, అంతే. నా పెళ్ళయ్యాక ఓసారి నిలదీశాను.

"ఆళ్ళు నోరున్నోళ్ళే, ఏటైనా అనగలరు. మన ఇళ్ళల్లో అలగ మాటాడుకుంటారేటి?" అంది.

"మన ఇళ్ళల్లో రక్తం ఇంకోలా వస్తాదేటి?" అన్నాను. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక మామ్మ. తొమ్మిదో ఏట పెళ్ళి, పదమూడో ఏట ఈడేరింది. అప్పుడు పశువుల శాలలో ఓ పక్క కూర్చోబెట్టారట. ఆ ఇంటి బట్టలుతికే మనిషి దయతలిచి, ఒంట్లో చెడ్డ రక్తం నెలనెలా పోతుందని చెప్పిందట. మామ్మకి ఈ విషయంలో ఎవరైనా చెప్పింది ఆ ఒక్క ముక్కే. ఎనభై దాటేదాకా అదే నమ్మింది. ఏడుగురు పిల్లల్ని ఆ నమ్మకంతోనే కన్నది.

నా కూతురికి ఈ గతి పట్టనివ్వకూడదని అది పుట్టిన రోజే అనుకున్నాను. రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, అది ఆరో తరగతిలో ఉండగా, ఒక ఆదివారం గోడౌన్లో బస్తాల మధ్య కూర్చోబెట్టాను. సైన్సు పుస్తకం ఒకటి, ప్యాడ్ల ప్యాకెట్టు ఒకటి ముందు పెట్టుకున్నాను. నాకు నోరెంతుందో మా వీధందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం పెదవి పెగల్లేదు. చెవులు వేడెక్కిపోయాయి. చివరికి "ఈ సబ్బు పెట్టెలు సర్దాలి, పట్టు" అన్నాను. ఇద్దరం సబ్బు పెట్టెలు సర్దాం. ఆ రాత్రి నా మీద నాకే అసహ్యం వేసింది. అమ్మని ఇన్నేళ్ళు తిట్టుకున్నాను కదా, అదే మూత నా నోటికీ పడింది.

పై ఆదివారం మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి దాని మొహం చూడకుండా, పుస్తకంలో బొమ్మ చూస్తూ చెప్పేశాను. కడుపులో ఒక చిన్న సంచీ ఉంటుంది, పాప వస్తుందేమోనని నెలనెలా మెత్తటి పక్క వేసి పెట్టుకుంటుంది, పాప రాకపోతే ఆ పక్క తీసేస్తుంది, ఆ తీసేసిందే రక్తం. పాప ఎలా వస్తుందో కూడా చెప్పాను. అది శ్రద్ధగా విని రెండే అడిగింది.

"నొప్పెడతాదా?"

"కొంచెం."

"ఖోఖో ఆడొచ్చా?"

"ఒంట్లో బాగుంటే ఆడొచ్చు."

"సరే" అని లేచి ఆడుకోవడానికి పోయింది. మా వంశంలో ఎవరూ ఎవరికీ చెప్పలేకపోయిన సంగతి పది నిమిషాల్లో అయిపోయింది.

మరుసటి ఏడు అది బడి ఖోఖో జట్టులో చేరింది. జిల్లా సెలక్షన్లు శనివారం శ్రీకాకుళంలో. బడి వాళ్ళు పొద్దున్న ఆరింటికి బస్టాండుకి రమ్మన్నారు. నెల రోజులుగా ఇంట్లో దానికి వేరే మాట లేదు. వసారాలో స్తంభానికీ స్తంభానికీ మధ్య పరిగెత్తి పరిగెత్తి మామ్మ మంచం రెండుసార్లు గుద్దేసింది. సరిగ్గా గురువారం పొద్దున్న, బాత్రూంలోంచి కేక వేసింది.

"అమ్మా! వచ్చిందే! ప్యాడ్ పట్రా!"

కర్టెను అవతల నాన్న పంచదార తూస్తున్నాడు. త్రాసు ఆగింది. ఎదురుగా ఉన్న ధాన్యం వ్యాపారి దగ్గడం మొదలెట్టాడు. మా ఆయన ఉన్నట్టుండి గోడౌన్లో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాడు. నేను మాత్రం, నిజం చెప్తున్నాను, ఆ కేక విని అక్కడే ఏడ్చాను. దాని గొంతులో భయమన్నది లేదు.

కానీ అమ్మ అప్పటికే తాటాకు చాప కోసం మనిషిని పంపింది. మధ్యాహ్నానికి పంతులుగారు ఫోన్లో నక్షత్రం చూసి చెప్పారు. సాయంత్రానికి ఫ్లెక్సీ కుర్రాడు నాన్న ఫోనుకి డిజైను పంపాడు. రెండు నెమళ్ళు, కలువ పూలు, మధ్యలో బడి గుర్తింపు కార్డు మీద బిక్కమొహం వేసుకున్న నా కూతురి ఫొటో. పుష్పవతి అయిన శుభసందర్భంగా అందరూ వచ్చి ఆశీర్వదించాలని కింద పెద్ద అక్షరాలు. బస్టాండు దగ్గర ఒకటి, కొట్టు మీద ఒకటి కట్టాలట.

"శనివారం అది శ్రీకాకుళం ఎల్తాది" అన్నాను.

"మతి గానీ పోయిందేటే? పదకొండు రోజులు ఈడేరిన గుంట గడప దాటకూడదు" అంది అమ్మ. "రేపు దానికి కడుపు పండకపోతే ఎవులు పూచీ? నువ్వా?"

అమ్మ గొంతులో ఉన్నది భయం. అది నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆగలేదు.

"ఈ ఇంట్లో నేను ముప్పై ఏళ్ళగా ఆ ప్యాకెట్లకి పేపర్లు సుడతన్నాను. ఎవులూ సూడకూడదని ఫినాయిలు ఎనకాల దాస్తన్నాం. అదే రక్తం వచ్చిందని బస్టాండులో పదడుగుల బ్యానరు కడతారా? కొన్నప్పుడు దాపరికం, వచ్చినప్పుడు డప్పా? ఊరందరికీ సెప్పడానికి లేని సిగ్గు, నాకు ఒక్కదానికి సెప్పడానికి ఎందుకొచ్చిందమ్మా నీకు? నేను సచ్చిపోతాననుకున్నాను. నీకు తెల్సా ఆ సంగతి?"

అమ్మకి తెలీదు. ముప్పై ఏళ్ళలో నేనూ ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ మొహం పాలిపోయింది. అయినా తగ్గలేదు. "నాకు మాత్రం ఎవులు సెప్పినారే?" అని చీర చెంగుతో కళ్ళొత్తుకుంది. నా కూతురు ఖోఖో నిక్కరుతో, చాప మీద కాకుండా చాప పక్కన నిలబడి నా వంకే చూస్తోంది.

నాన్న కొట్టు కట్టేసి వచ్చి ఎటూ తేల్చలేక, "మా యమ్మ ఏటంటే అదే" అని తప్పుకున్నాడు. మా ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ మామ్మదే. మడీ, ముట్టూ అంటూ మమ్మల్నందర్నీ మూలల్లో కూర్చోబెట్టిన మనిషి ఆమె.

శుక్రవారం సాయంత్రం మామ్మ నా కూతుర్ని మంచం దగ్గరికి పిలిచింది. ముట్టుకోకుండా దూరంగా కూర్చోమంది. నేను గుమ్మంలో నిలబడ్డాను, అమ్మ వంటింటి తలుపు దగ్గర.

"భయమేసిందేటే, రగతం సూసి?"

"ఎందుకు మామ్మా? అమ్మ ముందే చెప్పింది కదా."

"ఏటని సెప్పింది?"

అది కొట్లోకి పరిగెత్తి ఒక పొట్లం పేపరు, పెన్ను తెచ్చింది. పేపరు అంచున ఖాళీగా ఉన్న చోట బొమ్మ గీసింది. సంచీ, దాని లోపల పక్క, పాప. క్లాసులో అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మామ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ గీతలు చాలాసేపు చూసింది.

"అయితే సెడ్డ రగతం కాదా?"

"కాదు మామ్మా. మంచిదే. పాప కోసం వేసిన పక్క."

"మరి నన్ను పశువుల సాలలో ఎందుకు కూసోబెట్టినారే?"

నా కూతురు పెన్ను పట్టుకుని నా వంక చూసింది. మామ్మ మళ్ళీ అడిగింది, "నెలకి మూడేసి రోజులు. పదమూడో ఏట నుంచి నలభై ఎనిమిది దాకా. ఎన్ని రోజులయ్యిందో సూడు."

అది అదే పేపరు మీద గుణించింది. పన్నెండు వందల అరవై. "ఉండు మామ్మా, పాప కడుపులో ఉన్నప్పుడు రాదు కదా, అవి తీసెయ్యాలి" అని ఏడు కానుపులకి తొమ్మిదేసి నెలలు తీసేసింది. "వెయ్యి డెబ్బై ఒకటి. అంటే రెండేళ్ళ పదకొండు నెలలు."

మామ్మ కళ్ళజోడు తీసి మంచం మీద పెట్టింది.

"మూడేళ్ళు" అంది. "మూడేళ్ళు గోడకేసి సూస్తూ కూసున్నాను. దూడకి పాలు తాగడానికి తల్లి కాడికి ఎల్లనిచ్చీవోరు. నా సంటిపిల్ల ఏడుస్తంటే నన్ను ముట్టుకోనిచ్చీవోరు కాదు." వంటింటి వైపు తిరిగి గట్టిగా అంది, "ఆ సాప తీసీయండి. గుంటని పంపించీండి. ఆ బేనరో ఏటో, అది కూడా వొద్దని సెప్పీండి. కూసున్నది సాలు. మన నలుగురికీ సరిపడా నేనే కూసున్నాను."

తర్వాత చెయ్యి చాచి నా కూతుర్ని దగ్గరికి లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుంది. మామ్మ బతుకులో బయటున్న ఆడదాన్ని ముట్టుకోవడం, నేను చూసినంతలో, అదే మొదటిసారి. ఆ తర్వాత స్నానం కూడా చెయ్యలేదు.

సెలక్ట్ అయిందా అని అందరూ అడుగుతారు. అవ్వలేదు. రెండో రౌండులోనే అవుటై, మోకాలు చెక్కుకుని వచ్చింది. అవ్వాలని పందెమేం లేదు మాకు. వెళ్ళాలన్నదే పట్టుదల, వెళ్ళింది. సోమవారం నుంచి నేను ప్యాకెట్లని ఫినాయిలు వెనక నుంచి తీసి, ఎదురు అరలో బిస్కెట్ల పక్కన పెట్టాను. పేపరు చుట్టడం మానేశాను. నాన్న నాలుగు రోజులు గొణిగి అలవాటు పడ్డాడు.

చెప్పాల్సింది శనివారం పొద్దుటి సంగతి ఒకటి ఉంది. వెళ్ళొద్దన్న అమ్మే తెల్లారేసరికి చిమ్మిలి ఉండలు కట్టి ఒక డబ్బాలో పెట్టింది. డబ్బాతో పాటు ఒక ప్యాకెట్టు కూడా సంచీలో పెట్టింది, రెండు చుట్లు పేపరు చుట్టి, పురికొస కట్టి. బస్టాండు దాకా అమ్మ కూడా వచ్చింది. అక్కడ నా కూతురు సంచీ తెరిచి చూసి, పురికొస తెంపి, పేపరు విప్పి, ఆ పేపరు మడత పెట్టి అమ్మమ్మ చేతికిచ్చింది. "ఇది అక్కర్లేదు అమ్మమ్మా" అని బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగేదాకా ఇద్దరం నిలబడ్డాం. ఇంటికి నడుస్తుంటే అమ్మ ఆ పేపరు ముక్కని ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. కొట్టు దగ్గరకొచ్చాక, నా మొహం చూడకుండా, షట్టరు తాళం నా చేతికిస్తూ అంది.

"గుంట ఒచ్చినాక, నా లెక్క కూడా కట్టమను."